రాత లెక్కలు ఎలా చేయాలి: చదవడం నుంచి సరిచూడడం దాకా

కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు తడుముకోకుండా చేసే పిల్లలు కూడా, అవే అంకెలను నాలుగు వాక్యాల్లో పెట్టి ఇస్తే, "ఇది కూడాలా, తీసేయాలా?" అని అడుగుతారు. అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. ఏ ప్రక్రియ చేయాలన్నది రాత లెక్కలో బాగా ఆలస్యంగా తేలవలసిన విషయం. దానిని మొట్టమొదటే తేల్చుకోవాలని చూస్తే, వాక్యం చెబుతున్న సంగతి పక్కకు పోయి కళ్ళు అంకెల మీదే నిలుస్తాయి.

1979లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధన మీద పనిచేసే ఒక బృందం చిన్న తరగతుల పిల్లలకు ఈ లెక్క ఇచ్చింది: "ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ కెప్టెన్ వయసు ఎంత?" ఇచ్చిన వివరాలకూ అడిగిన ప్రశ్నకూ ఏ సంబంధమూ లేకపోయినా, 97 మందిలో 76 మంది ఆ అంకెలనే అటూ ఇటూ చేసి ఏదో ఒక జవాబు చెప్పారు. 26కు 10 కలిపితే 36 వస్తుంది. ఆ వయసు కెప్టెన్‌కు నప్పుతుంది కూడా! కింద చెప్పే పద్ధతి ప్రధానంగా ఈ అలవాటును మాన్పించడానికే. లెక్క చేస్తున్నది మీరే అయినా, పక్కన కూర్చుని పిల్లలతో చేయిస్తున్నది మీరైనా, దశల క్రమం ఇదే.

మొదటి దశ: పెన్సిల్ పట్టుకోకుండా చదవండి

లెక్కను ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదివి, తర్వాత ప్రశ్న ఉన్న చివరి వాక్యాన్ని విడిగా మళ్ళీ చదవండి. అడిగినది ఏమిటో తెలిసిన తర్వాత మూడోసారి మొదటి నుంచి చదివితే, ఏ వివరం దేనికి ఇచ్చారో కనిపించడం మొదలవుతుంది. ఇప్పుడు పుస్తకం మూసి, అంకెలేవీ పలకకుండా ఆ సంగతిని మీ మాటల్లో చెప్పండి: "ట్యాంకులో నీళ్ళున్నాయి, పొద్దున కొన్ని వాడారు, మిగిలిన వాటిలోంచి సాయంత్రం కొన్ని వాడారు, చివరికి మిగిలినవి ఎన్నో తెలుసు, మొదట ఎన్ని ఉన్నాయో తెలియదు." ఇంతమాత్రం చెప్పగలిగితే లెక్క సగం అర్థమైనట్లే. చెప్పలేకపోతే ఇంకోసారి చదవాలి తప్ప, అంకెలు రాయడం మొదలుపెట్టకూడదు.

రెండో దశ: జవాబు వాక్యాన్ని ముందే రాయండి

జవాబు ఇంకా తెలియదు కాబట్టి అంకె ఉండవలసిన చోట ఖాళీ వదిలి, వాక్యం మాత్రం పూర్తిగా రాయండి: "ట్యాంకులో మొదట ______ లీటర్ల నీరు ఉంది." చూడడానికి ఇది చిన్న పనే అయినా దీనివల్ల రెండు లాభాలున్నాయి. మొదటిది, జవాబు లీటర్లలో రావాలో, రోజుల్లో రావాలో, మనుషుల సంఖ్యగా రావాలో ముందే స్థిరపడుతుంది. రెండోది, రెండు మూడు మెట్లున్న లెక్కల్లో మధ్యలో వచ్చిన సంఖ్యనే తుది జవాబు అనుకుని ఆగిపోయే ప్రమాదం తప్పుతుంది.

మూడో దశ: ఇచ్చినవి, కనుక్కోవలసినది

ఇచ్చిన ప్రతి సంఖ్యను అది దేనికి సంబంధించినదో చెప్పే మాటతో, కొలమానంతో కలిపి రాయండి. "45" అని రాయడం చాలదు. "బస్సు వేగం గంటకు 45 కిలోమీటర్లు" అని రాయాలి. కొలమానాలు వేర్వేరుగా ఉంటే ఇక్కడే ఒకే రకంలోకి మార్చుకోవాలి. కాలం విషయంలో మరింత జాగ్రత్త అవసరం: 2 గంటల 30 నిమిషాలు అంటే 2.5 గంటలు, 2.30 గంటలు కాదు. ఇచ్చిన వివరాల్లో అక్కరలేనివి కూడా ఉండవచ్చు. ఇచ్చిన ప్రతి అంకెనూ వాడి తీరాలన్న నియమం ఎక్కడా లేదు.

నాలుగో దశ: సంబంధాన్ని మాటల్లో రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన దశ ఇది. సాధారణంగా పిల్లలకు "ఎక్కువ అంటే కూడాలి, తక్కువ అంటే తీసేయాలి, మొత్తం అంటే కలపాలి" అని ఒక చిట్కా నేర్పుతారు. నా దృష్టిలో ఈ చిట్కా చేసే మేలు కంటే కీడే ఎక్కువ, ఎందుకంటే అది చిన్న తరగతుల్లో బాగానే పనిచేసి, సరిగ్గా లెక్కలు కఠినమయ్యే సమయానికి మోసం చేస్తుంది. ఈ లెక్క చూడండి:

"గ్రంథాలయంలో కథల పుస్తకాలు 84 ఉన్నాయి. అవి విజ్ఞానశాస్త్ర పుస్తకాల కంటే 19 ఎక్కువ. రెండు రకాలూ కలిపి మొత్తం ఎన్ని?"

"ఎక్కువ" అన్న మాట కనబడగానే 84కు 19 కలిపితే విజ్ఞానశాస్త్ర పుస్తకాలు 103 అని, మొత్తం 187 అని వస్తుంది. అది తప్పు. "కంటే" అన్న మాటకు ముందు ఏది ఉందో చూడండి: విజ్ఞానశాస్త్ర పుస్తకాలు. పోలికకు ఆధారం అవే. వాటికి 19 కలిపితే కథల పుస్తకాలు వస్తాయి. దానినే ఇలా రాయాలి:

కథల పుస్తకాలు = విజ్ఞానశాస్త్ర పుస్తకాలు + 19

ఇప్పుడు తెలిసిన సంఖ్యను దాని చోట ఉంచితే, 84 = విజ్ఞానశాస్త్ర పుస్తకాలు + 19 అవుతుంది. కాబట్టి అవి 65, మొత్తం 149. వాక్యంలో "ఎక్కువ" ఉన్నా చేయవలసి వచ్చింది తీసివేత. ఆ సంగతి వాక్యంలోని ఏ ఒక్క మాటా చెప్పలేదు, రెండు రాశుల మధ్య ఉన్న సంబంధం చెప్పింది.

కొన్ని మాటల దగ్గర మాత్రం తప్పకుండా ఆగాలి. "చొప్పున" అని ఉంటే అక్కడ ఒక రేటు ఉందని అర్థం: ఒక్కొక్క గంటకు ఇంత, ఒక్కొక్క మనిషికి ఇంత. "వంతు" అని ఉంటే "దేనిలో వంతు?" అని, "శాతం" అని ఉంటే "ఎంతలో శాతం?" అని వెంటనే అడగాలి. ఒక బడిలో 500 మంది ఉన్నారు. ఒక ఏడాది సంఖ్య 20 శాతం పెరిగి, మరుసటి ఏడాది 20 శాతం తగ్గిందంటే మళ్ళీ 500 దగ్గరికే వచ్చినట్లు తోస్తుంది. కానీ పెరిగినది 500లో 20 శాతం, అంటే 100. తగ్గినది 600లో 20 శాతం, అంటే 120. మిగిలినది 480 మంది.

"సరాసరి" దగ్గర కూడా ఇదే ప్రమాదం ఉంది. 120 కిలోమీటర్ల దూరాన్ని వెళ్ళేటప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, వచ్చేటప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తే సరాసరి వేగం 50 అని నోటికి వచ్చేస్తుంది. సంబంధాన్ని మాటల్లో రాస్తే ఆ తొందర ఆగుతుంది: సరాసరి వేగం = మొత్తం దూరం ÷ మొత్తం కాలం. వెళ్ళడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు, మొత్తం 5 గంటల్లో 240 కిలోమీటర్లు. కాబట్టి గంటకు 48 కిలోమీటర్లు. తక్కువ వేగంతో ఎక్కువసేపు ప్రయాణించడం వల్ల సరాసరి కూడా 40 వైపుకు జరిగింది.

ఐదో దశ: బొమ్మ గీయండి

మాటల్లో రాసిన సంబంధం ఇంకా చిక్కుగానే ఉంటే బొమ్మ గీయాలి. అందంగా ఉండనవసరం లేదు. ఒక పొడవాటి దీర్ఘచతురస్రపు పట్టీ చాలు. సింగపూర్ ప్రాథమిక పాఠశాలల్లో 1980ల నుంచి ఈ పట్టీల పద్ధతిని పాఠ్యక్రమంలో భాగంగానే నేర్పుతున్నారు. భిన్నాల లెక్కల్లో దీనికి సాటి వచ్చే సాధనం మరొకటి లేదనే నేను అనుకుంటాను. ఇందాకటి ట్యాంకు లెక్కను అంకెలతో సహా తీసుకుందాం:

"ట్యాంకులోని నీటిలో మూడో వంతు ఉదయం వాడారు. మిగిలిన నీటిలో నాలుగో వంతు సాయంత్రం వాడారు. ఇంకా 600 లీటర్లు మిగిలాయి. ట్యాంకులో మొదట ఎన్ని లీటర్లు ఉన్నాయి?"

ఒక పట్టీ గీసి మూడు సమాన గళ్ళు చేయండి. ఒక గడిని కొట్టివేయండి. అది ఉదయం వాడిన నీరు. మిగిలినవి రెండు గళ్ళు. వీటిని నాలుగు సమాన భాగాలు చేయాలి కాబట్టి ఒక్కొక్క గడిని మధ్యకు చీల్చండి. ఇప్పుడు నాలుగు చిన్న గళ్ళు వచ్చాయి. ఒకటి కొట్టివేయండి, అది సాయంత్రం వాడినది. చివరికి మూడు చిన్న గళ్ళు మిగిలాయి, వాటి విలువ 600 లీటర్లు. ఒక చిన్న గడి 200 లీటర్లు. ఉదయం కొట్టివేసిన పెద్ద గడిని కూడా రెండు చిన్నవిగా లెక్కిస్తే పట్టీ మొత్తం మీద ఆరు చిన్న గళ్ళు. కాబట్టి మొదట ఉన్నది 1200 లీటర్లు. భిన్నాల కూడికలూ గుణకారాలూ ఏవీ చేయకుండానే జవాబు వచ్చింది.

పట్టీ కాకుండా గీత గీయవలసిన లెక్కలు కొన్ని ఉంటాయి. 100 మీటర్ల దారి పక్కన ఒక కొస నుంచి రెండో కొస దాకా, రెండు కొసల్లో కూడా ఉండేలా, 5 మీటర్లకు ఒకటి చొప్పున మొక్కలు నాటితే ఎన్ని కావాలి? భాగహారం 20 అని చెబుతుంది. అయితే 20 అన్నది మొక్కల మధ్య ఖాళీల సంఖ్య, మొక్కలు 21. నమ్మకం కుదరకపోతే 10 మీటర్ల గీత గీసి చూడండి: ఖాళీలు రెండు, మొక్కలు మూడు.

ఆరో దశ: తెలియని దానికి పేరు పెట్టండి

పై తరగతులకు వచ్చేసరికి, తెలియని రాశి లెక్కలో రెండు మూడు చోట్ల తిరుగుతూ కనిపిస్తుంది. అప్పుడు బొమ్మ కంటే సమీకరణం సులువు. వయసుల లెక్కలు ఈ రకానివే: "తల్లి వయసు కూతురి వయసుకు 5 రెట్లు. 6 సంవత్సరాల తర్వాత తల్లి వయసు కూతురి వయసుకు 3 రెట్లు అవుతుంది. ఇప్పుడు వారి వయసులు ఎంత?"

ముందుగా "x = ఇప్పుడు కూతురి వయసు, సంవత్సరాల్లో" అని పూర్తిగా రాయండి. "x = కూతురు" అని రాస్తే అది ఇప్పటి వయసో, ఆరేళ్ళ తర్వాతి వయసో మధ్యలో మరిచిపోతారు. తర్వాత నాలుగు గళ్ళ పట్టిక వేయండి. ఇప్పుడు: కూతురు x, తల్లి 5x. 6 సంవత్సరాల తర్వాత: కూతురు x + 6, తల్లి 5x + 6. కాలం ఇద్దరికీ గడుస్తుంది కాబట్టి 6 ఇద్దరికీ కలపాలి. ఒక్కరికే కలపడం ఈ లెక్కల్లో అందరూ చేసే తప్పు. ఇక రెండో షరతును సమీకరణంగా రాస్తే 5x + 6 = 3(x + 6). కుండలీకరణాలు విప్పితే 5x + 6 = 3x + 18; అంటే 2x = 12, x = 6. కూతురికి 6 ఏళ్ళు, తల్లికి 30 ఏళ్ళు.

సమీకరణాలు ఇంకా నేర్చుకోని పిల్లలు కూడా దీన్ని ఊహించి చూస్తూ చేయవచ్చు. కూతురికి 5 అనుకుంటే తల్లికి 25. ఆరేళ్ళకు 11, 31. కావలసింది 33, రెండు తక్కువైంది. కూతురికి 7 అనుకుంటే తల్లికి 35. ఆరేళ్ళకు 13, 41. కావలసింది 39, రెండు ఎక్కువైంది. కాబట్టి జవాబు ఈ రెండింటి మధ్య ఉంది. ఊహించి సరిదిద్దడం తక్కువ స్థాయి పద్ధతి అనుకోనక్కరలేదు. క్రీస్తుపూర్వం సుమారు 1550 నాటి ఈజిప్టు రైండ్ పపైరస్ అనే లెక్కల చేతిరాత పత్రంలో "ఒక కుప్ప, దాని ఏడో వంతు కలిపితే 19, కుప్ప ఎంత?" అన్న లెక్క ఈ దారిలోనే సాగుతుంది. కుప్ప 7 అనుకుంటే, దాని ఏడో వంతుతో కలిపి 8 వస్తుంది. కావలసింది 19 కాబట్టి 7ను 19/8తో గుణిస్తే అసలు జవాబు, అంటే పదహారూ ఎనిమిదింట ఐదు వంతులు, దొరుకుతుంది. అయితే ఇలా ఒకే గుణకారంతో సరిదిద్దడం తెలియని రాశి రెట్లు, వంతులు మాత్రమే ఉన్న లెక్కల్లోనే కుదురుతుంది. వయసుల లెక్కలో 6 విడిగా వచ్చి కలిసింది కాబట్టి అక్కడ రెండు ఊహలు కావలసి వచ్చాయి.

ఏడో దశ: అంచనా, ఆ తర్వాతే గణన

లెక్క కట్టే ముందు జవాబు సుమారుగా ఎంత ఉండాలో, కనీసం ఏ వైపు ఉండాలో అనుకోండి. ఒక పనిని 6 మంది 10 రోజుల్లో చేస్తే, అదే పనిని అదే వేగంతో 15 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? మనుషులు పెరిగారు కాబట్టి రోజులు 10 కంటే తగ్గాలి. ఈ ఒక్క ఆలోచన చాలు, 25 రోజులన్న జవాబును కాగితం మీదికి రాకుండా ఆపడానికి. మొత్తం పని 6 × 10 = 60 మనిషి-రోజులు; 60 ÷ 15 = 4 రోజులు. గణన గురించి ఇంతకుమించి చెప్పవలసింది లేదు. ఒక వరుసకు ఒక మెట్టు రాయండి, చిత్తు పనిని కూడా కొట్టివేయకుండా పక్కనే ఉంచండి.

ఎనిమిదో దశ: జవాబును కథలోకి తీసుకెళ్ళి సరిచూడండి

హంగేరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో లెక్క సాధించడాన్ని నాలుగు దశలుగా చెప్పాడు: అర్థం చేసుకోవడం, పథకం వేయడం, దానిని అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడడం. ఈ నాలుగింటిలో నిత్యం ఎగిరిపోయేది చివరిదే. చాలామంది సరిచూడడమంటే అదే గణనను మళ్ళీ చేయడం అనుకుంటారు. సమీకరణమే తప్పుగా రాసి ఉంటే, దానిని పదిసార్లు చేసినా అదే తప్పు జవాబు వస్తుంది. అందువల్ల జవాబును సమీకరణంలో కాకుండా లెక్కలో ఇచ్చిన వాక్యాల్లో పెట్టి చూడాలి.

ట్యాంకు లెక్కలో ఎవరైనా మూడో వంతు, నాలుగో వంతు కలిపి 7/12 అని, మిగిలిన 5/12 వంతు 600 లీటర్లకు సమానమని, కాబట్టి మొత్తం 1440 అని తేల్చారనుకుందాం. ఆ గణనలో తప్పు వెతికినా దొరకదు. కథలో పెట్టి చూడండి: 1440లో మూడో వంతు 480 వాడితే 960 మిగులుతుంది, అందులో నాలుగో వంతు 240 వాడితే 720 మిగులుతుంది. లెక్కలో ఇచ్చినది 600. ఇక్కడ తప్పు బయటపడింది. పైగా ఎక్కడ జరిగిందో కూడా తెలుస్తోంది: "మిగిలిన నీటిలో" అన్న మాటను వదిలేసి నాలుగో వంతును మొత్తం మీద లెక్కించారు. 1200ను అలాగే పరీక్షిస్తే 400 పోయి 800, అందులో 200 పోయి 600, సరిపోయింది.

సంఖ్య సరైనదే అయినా జవాబు తప్పు కావచ్చు. 1980ల మొదట్లో అమెరికా జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ళ పిల్లలకు ఇచ్చిన ఒక లెక్క గణిత బోధకుల్లో బాగా ప్రసిద్ధి చెందింది. ఒక సైనిక బస్సులో 36 మంది పడతారు. 1128 మంది సైనికులను తీసుకువెళ్ళడానికి ఎన్ని బస్సులు కావాలి? 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. కానీ సుమారు 29 శాతం మంది "31, శేషం 12" అనే రాశారు. శేషం 12 బస్సు కాదు. అది సీటు దొరకని పన్నెండు మంది మనుషులు. వారికి కూడా బస్సు కావాలి కాబట్టి జవాబు 32. రెండో దశలో "______ బస్సులు కావాలి" అని ముందే రాసిపెట్టుకున్నవారు ఆ ఖాళీలో "31, శేషం 12" అని నింపబోతే, అది వాక్యంగా చదవడానికి కుదరదని వెంటనే గమనిస్తారు. అయితే శేషం వచ్చిన ప్రతిసారీ పైకి సవరించకూడదు. 1128 పుటలను 36 పుటల చొప్పున కట్టలు కడితే ఎన్ని పూర్తి కట్టలు వస్తాయని అడిగితే జవాబు 31. ఎన్ని పుటలు విడిగా మిగులుతాయని అడిగితే 12. భాగహారం ఒకటే, ప్రశ్నను బట్టి జవాబులు మూడు.

దారి తోచకపోతే

అన్నీ చేసినా ముందుకు కదలకపోతే, లెక్కలోని అంకెలను తీసివేసి వాటి చోట చిన్న పూర్ణసంఖ్యలు పెట్టండి. "18 లీటర్ల ద్రవాన్ని 3/4 లీటరు పట్టే సీసాల్లో నింపితే ఎన్ని సీసాలు కావాలి?" అన్న చోట భిన్నాన్ని చూసి గుణించాలో, భాగించాలో తెలియక తికమక పడతారు. సీసాకు 2 లీటర్లు పడతాయనుకోండి; అప్పుడు 18 ÷ 2 = 9 సీసాలని ఎవరూ చెప్పకుండానే తోస్తుంది. అంకె మారినా సంబంధం మారదు కాబట్టి ఇక్కడ కూడా భాగహారమే: 18 ÷ 3/4 = 18 × 4/3 = 24. ఒక్కొక్క సీసాలో లీటరు కూడా పట్టదు కనుక 18 కంటే ఎక్కువ సీసాలే రావాలి, 24 అలాగే ఉంది. 24 సీసాల్లో 3/4 లీటరు చొప్పున పోసి చూస్తే సరిగ్గా 18 లీటర్లు అవుతాయి.